నర్సు చూపు, ఇంజనీరు దీపం

సిరిసిల్ల వీధులలో నడిచినవారికి సాంచాల చప్పుడు చాలాసేపు చెవులలో నిలిచిపోతుంది. కొత్తవారికి అది ఒకే మోత. కాని సాంచా నడిపే కార్మికుడు ఆ మోతలో వచ్చిన చిన్న మార్పునుబట్టి పోగు తెగినదని పసికట్టగలడు. యంత్రాన్ని నిర్మించినవానికి లేని తెలివి ఒకటి, దానితో రాత్రింబవళ్లు గడిపేవానికి అబ్బుతుంది. ఆసుపత్రిలో అటువంటి తెలివి నర్సుది. దానికి ఇంజనీరు విద్య తోడయితే ఎంత మేలు కలుగుతుందో పసికందుల పచ్చకామెర్ల చికిత్స చెబుతుంది.

నెలలు నిండి పుట్టిన శిశువులలో నూటికి 60 మందికి, నెలలు నిండనివారిలో 80 మందికి మొదటి వారంలో ఒళ్లు పచ్చబడుతుంది. ఎర్రరక్తకణాలు విచ్ఛిన్నమయినప్పుడు పుట్టే బిలిరుబిన్ అనే పసుపు పదార్థాన్ని లేత కాలేయం వెంటనే బయటకు పంపలేకపోవడమే ఇందుకు కారణం. చాలామందిలో అది దానంతటదే తగ్గుతుంది. హద్దు మీరితే మాత్రం మెదడుకు చేరి, శాశ్వతమయిన చెవుడునూ, అవయవాల స్వాధీనం తప్పడాన్నీ, ఒక్కొక్కప్పుడు మరణాన్నీ తెచ్చిపెడుతుంది.

1956లో ఇంగ్లండులోని రాచ్‌ఫర్డ్ జనరల్ ఆసుపత్రిలో, నెలలు నిండని శిశువుల విభాగాన్ని సిస్టర్ జీన్ వార్డు చూస్తుండేది. ఎండ వెచ్చగా ఉన్న రోజులలో ఆమె శిశువులను ఆవరణలోకి తీసుకొని వచ్చేది. ఒకనాడు ఆమె ఒక శిశువును వైద్యులకు చూపినది. ఒళ్లంతా తేటపడినది, దుప్పటి కొన కప్పిన త్రికోణాకారపు భాగం మాత్రం పచ్చగా మిగిలినది. తరువాత, ఎండ తగిలేచోట ఉండిపోయిన రక్తపు నమూనాలో బిలిరుబిన్ తగ్గినట్లు ప్రయోగశాలలో తేలినది. క్రెమర్, పెరీమన్, రిచర్డ్స్ అనే ముగ్గురు నీలికాంతి దీపాలు అమర్చిన తొట్టిలో శిశువులకు చికిత్సచేసి, 1958లో ‘లాన్సెట్’ పత్రికలో ఆ ఫలితాలను ప్రకటించినారు. ఆ వ్యాసకర్తలలో సిస్టర్ వార్డు పేరు లేదు.

ఈ దీపం చేసే పని ఏమిటి? సుమారు 460 నుండి 490 నానోమీటర్ల నీలికాంతి, చర్మంలోని బిలిరుబిన్ అణువు ఆకారాన్ని మార్చుతుంది. మారిన పదార్థం నీటిలో సులభంగా కరిగి, పిత్తంలోనూ మూత్రంలోనూ వెలుపలికి పోతుంది.

చిక్కు ఇక్కడే ఉన్నది. పాతబడిన ట్యూబు కంటికి నీలంగానే వెలుగుతుంది గాని, దాని సత్తువ తగ్గిపోతుంది. ఆ సంగతి కాంతిని కొలిచే పరికరానికే తెలుస్తుంది. అది ఇంజనీరు విద్య. శిశువు కళ్లకు కట్టిన గంత జారినదా, ఒళ్లు వేడెక్కినదా, పాలు తాగుచున్నదా అన్నది నర్సు చూడవలసిన పని. పాలు పట్టడానికి దీపం అడ్డమయితే ఆమె దానిని పైకి జరుపుతుంది. ఎత్తు పెరిగినకొద్దీ కాంతి బలం తగ్గుతుంది. ఈ ఇబ్బందిని ఆమె చెప్పకపోతే, పక్కకు తిరిగే దీపాన్ని తయారుచేయాలన్న ఆలోచన ఇంజనీరుకు ఎట్లా వస్తుంది? తక్కువ వేడితో చాలాకాలం వెలిగే ఎల్.ఇ.డి. దీపాలు వచ్చిన తరువాతకూడ ఈ సంభాషణ అవసరమే.

మన ప్రాంతంలో దీనికి తగిన చోటు కలదు. జగిత్యాల సమీపంలోని నాచుపల్లిలో 2007లో జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కళాశాల ఏర్పడినది. 2022లో జగిత్యాలలోనూ, 2023లో సిరిసిల్లలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయినవి. ఇంజనీరింగు విద్యార్థి నాలుగు రాత్రులు శిశువుల వార్డులో కూర్చొని నర్సు చేతులను గమనించినట్లయితే, ఆమె యంత్రాన్ని విప్పిచూడడం కొంత నేర్చుకొన్నట్లయితే, కోరుట్లనుండి వచ్చే పసికందుకుకూడ ఆ మేలు అందుతుంది.

శ్రోతలకు ఒక్క మాట. పుట్టిన 24 గంటలలోపల ఒళ్లు పచ్చబడినా, అరచేతులు అరికాళ్లు పచ్చగా కనిపించినా, శిశువు మగతగా ఉండి పాలు తాగకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోండి. ఎండలో పడుకోబెట్టి ఊరుకోవద్దు. ఎండకు కొలత లేదు. పసి ఒంటికి అది కమలవచ్చును, చాలకపోవచ్చును. సిస్టర్ వార్డు ఎండలో కనిపెట్టిన మేలును దీపంలో కొలతకు తెచ్చినందువల్లనే అది చికిత్స అయినది.