ఎంపికే పెట్టుబడి: ఉక్కునగరంలో చిన్న దుస్తుల దుకాణం

జంషెడ్‌పూర్‌లో కొత్త బట్టలకు ఒక కాలముంది. దుర్గాపూజకు ముందు ఉక్కు కార్మికులకు బోనస్ అందుతుంది. టాటా స్టీల్‌లో లాభాల బోనస్ 1934లోనే మొదలైంది. ఆ వారాల్లో బిష్టుపూర్, సాక్చీ బజార్లు కిక్కిరిసిపోతాయి.

పురుషుల దుస్తులకే పరిమితమైన చిన్న దుకాణం ధరలో మాల్‌తోనూ, ఆన్‌లైన్ అమ్మకాలతోనూ పోటీపడలేదు. దాని బలం ఎంపిక. వంద చొక్కాలు చూసి పది తెచ్చిన యజమాని, తక్కిన తొంభై చూసే శ్రమను కొనేవారికి తప్పిస్తాడు. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊరికి ఏ బట్ట హాయిగా ఉంటుందో, ఉతికాక ఏది కురచవుతుందో ఆయనకు తెలుసు. ముఖ్యంగా, నప్పనిదాన్ని నప్పలేదనే చెబుతాడు. పాతవారు మళ్లీ వచ్చేది ఆ మాట కోసమే.

ఎంపిక తప్పితే నష్టమూ ఆయనదే. ఒక్కో చొక్కాను నాలుగైదు సైజుల్లో తేవాలి. అందరికీ సరిపోయే సైజులు ముందే అమ్ముడవుతాయి. మిగిలినవి పూజ దాటినా అరల్లోనే ఉండి పెట్టుబడిని కదలనివ్వవు.

ప్రత్యేకమైన సరుకు కోసం దూరం వెళ్లనక్కరలేదు. పొరుగు జిల్లా సెరాయికెలా-ఖర్సావాన్‌లోని కుచాయ్ టస్సర్ పట్టుకు ప్రసిద్ధి. నగరంలో స్థిరపడిన ఉత్తరాంధ్ర కుటుంబాలకు శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు చిరపరిచితం. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రపరచి, చేత్తో వడికి నేసే ఆ బట్టకు ధర ఎందుకు ఎక్కువో చెప్పగల మనిషి కావాలి. మాల్‌లో ఆ తీరిక ఎవరికీ ఉండదు.