పాత బెంజి కారుకు ఇంజనాయిలు మార్చడం

జర్మనీలో 1976 నుండి తయారైన మెర్సిడెస్ బెంజి 123 వరుస కార్లు సుమారు 27 లక్షలు. వాటిలో 240డి, 300డి అనే డీజిలు బండ్లు మొండివని పేరు. అయితే ఆ పేరు నిలిచేది సకాలంలో ఆయిలు మార్చినప్పుడే గదా! మసి నిండిన ఆయిలు బేరింగులను తినేస్తుంది. ఇంజను బిగుసుకుపోతే బాగుచేయించడానికి బండి ఖరీదంతా చాలకపోవచ్చు.

ముందుగా ఇంజను కాస్త వేడెక్కనిచ్చి ఆపాలి. వేడి ఆయిలు మురికిని వెంటబెట్టుకొని దిగుతుంది. ఈ బండ్లలో ఫిల్టరు గిన్నె ఇంజను పక్కన నిటారుగా ఉంటుంది. 13వ నంబరు పానాతో మూత మీది రెండు నట్లు విప్పి పైకి తీస్తే, గిన్నెలోని ఆయిలు తనంతట అడుగు చాంబరులోకి జారుతుంది. ఆ తరువాతనే కింది డ్రెయిను నట్టు విప్పాలి.

ఒక్క మాట మరువకండి. ఒట్టి జాకీ మీద నిలిచిన కారు కిందికి ఎన్నడూ దూరరాదు. జాకీ జారితే ప్రాణానికే ముప్పు. చక్రాలకు అడ్డు వేసి, గట్టి స్టాండ్లు పెట్టాలి.

కొత్త ఫిల్టరు, మూతకు కొత్త రబ్బరు రింగు, నట్టుకు కొత్త రాగి వాషరు వేయాలి. బండి పుస్తకంలోని కొలత ప్రకారం ఆయిలు పోసి స్టార్టు చేయగానే ప్రెషరు ముల్లు లేవాలి. లేవకుంటే వెంటనే ఆపేయాలి. కొత్త ఆయిలు మరునాటికే నల్లబడితే బెంగ వద్దు. డీజిలు మసి గుణమే అంత.

పాత ఆయిలును కాలువలో పోయకండి, నీళ్లు పాడవుతాయి. డబ్బాలో పట్టి, దాన్ని శుద్ధిచేసే లైసెన్సుగల వారికి చేర్చండి. తేదీ, మీటరు అంకె ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి.