పోర్టు పోయిందనే ముందు

సికింద్రాబాద్ ప్యారడైజ్‌కి దగ్గర్లో, పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. హైదరాబాద్‌లో కంప్యూటర్లతో పని ఉన్నవాళ్లకి అది సీటీసీ. ల్యాప్‌టాప్‌లు రిపేరు చేసే నా బెంచీ అక్కడే. కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది రోగం పేరు కూడా వాళ్లే చెప్పేస్తారు. ‘అన్నా, పోర్టు వోయింది, కొత్తది ఎయ్యి.’ ‘టీవీల బొమ్మొస్తలేదు, హెచ్‌డీఎంఐ కాలినట్టుంది.’ నేను ఆ ల్యాప్‌టాప్‌ని ముందు నా మానిటర్‌కి, నా కేబుల్‌తో కలుపుతాను. బొమ్మ వచ్చిందంటే మదర్‌బోర్డు జోలికి వెళ్లే పనే లేదు. పోర్టు మార్చడమంటే పాతదాన్ని వేడిచేసి ఊడదీసి, సన్నటి కాళ్లన్నీ మళ్లీ అతకడం. బాగున్న బోర్డుకి ఆ వేడి అనవసరంగా తగలకూడదు.

తేల్చుకునే పద్ధతి ఏ వస్తువుకైనా ఒకటే. ఇటు ల్యాప్‌టాప్, అటు టీవీయో డ్రైవో, మధ్యలో కేబుల్. ఒకసారికి ఒకదాన్నే మార్చి చూడాలి. అన్నీ ఒకేసారి మార్చేస్తే పని జరిగినా ఏది చెడిందో తెలియదు. మొదట మార్చాల్సింది కేబులే. రోజూ వంగేది, నలిగేది, కుర్చీ చక్రం కింద పడేది అదే, పైగా మిగతా రెండిటికన్నా చవక.

ఈమధ్య ఎక్కువ తికమక పెడుతున్నది టైప్ సి. 2014లో ఈ కనెక్టర్ వచ్చాక అన్ని రంధ్రాలూ ఒకేలా కనిపిస్తున్నాయి, పనులు మాత్రం ఒకేలా లేవు. ఒక ల్యాప్‌టాప్‌లో సి పోర్టు చార్జింగ్, డేటా, బొమ్మ మూడూ ఇస్తుంది. ఇంకోదాంట్లో డేటా తప్ప ఏమీ ఇవ్వదు. దాన్ని మానిటర్‌కి కలిపి ఎంతసేపు కూర్చున్నా నల్ల తెరే. అది చెడిపోవడం కాదు, ఆ పోర్టులో ఆ సౌకర్యమే లేదు. పోర్టు పక్కన డి, పి అక్షరాలు కలిసిన డిస్‌ప్లేపోర్ట్ గుర్తు గానీ, బాణంలా దిగే థండర్‌బోల్ట్ మెరుపు గుర్తు గానీ ఉంటే బొమ్మ వస్తుంది. గుర్తు లేకపోతే అడుగున రాసి ఉన్న మోడల్ నంబరు పట్టి కంపెనీ వివరాలు చూడాలి.

కేబుల్‌లోనూ ఇదే చిక్కు. టైప్ సి కనెక్టర్‌లో 24 పిన్నులకు చోటుంది, కానీ ఫోన్‌తో పాటు వచ్చే చార్జింగ్ కేబుల్‌లో సాధారణంగా కరెంటు తీగలు, పాత యూఎస్‌బీ 2 తీగలు మాత్రమే వేస్తారు. బొమ్మను మోసే వేగం తీగలు అందులో ఉండవు. అదే కేబుల్‌తో మానిటర్ కలిపి, రాలేదని కొత్త మానిటర్‌ని వాపసు ఇచ్చేసినవాళ్లు నాకు తెలుసు.

ఒక్కోసారి నిజంగా పోర్టులోనే తేడా ఉంటుంది, అయినా అది చెడినట్టు కాదు. పట్టి చూస్తే వదులుగా ఉంటుంది, ఒక పక్కకి వంచి పట్టుకుంటేనే చార్జింగ్ ఎక్కుతుంది. టార్చి వేసి లోపలికి చూడండి. సి పోర్టు మధ్యలో సన్నటి నాలుకలాంటి ముక్క ఉంటుంది, పిన్నులు దాని రెండు వైపులా ఉంటాయి. దాని చుట్టూ అట్టడుగున దుప్పటి నూగు, బ్యాగులోని దుమ్ము చేరి, కేబుల్ గుచ్చిన ప్రతిసారీ ఇంకాస్త గట్టిపడి పలకలా అవుతుంది. ఇక ప్లగ్గు పూర్తిగా లోపలికి దిగదు, అంచు దగ్గర సన్నటి సందు మిగులుతుంది. ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపేసి, చార్జర్ తీసేసి, చెక్క టూత్‌పిక్ మొనతో ఆ నూగుని అంచుల నుంచి మెల్లగా గోకి బయటికి లాగండి. గుండుసూది, పిన్నీసు వద్దు. ఆ నాలుక విరిగితే అప్పుడు నిజంగానే పోర్టు మార్చాలి. నోటితో ఊదడం కూడా వద్దు, గాలితో పాటు తడి పోతుంది.

టీవీ, మానిటర్ల విషయానికొద్దాం. విండోస్ బటన్ నొక్కి పట్టి పి నొక్కితే తెరను ఎలా పంచాలో అడుగుతుంది. అక్కడ ల్యాప్‌టాప్ తెర మాత్రమే ఎంచి ఉంటే టీవీకి బొమ్మ వెళ్లదు. రిమోట్‌లో సోర్స్ నొక్కి, కేబుల్ గుచ్చిన హెచ్‌డీఎంఐ నంబరే ఎంచారో లేదో చూడండి. తెర ఉన్నట్టుండి నల్లబడితే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి, గ్రాఫిక్స్ డ్రైవర్ తిరిగి మొదలవుతుంది. 4కె టీవీలో మౌస్ ఈడ్చుకుంటూ కదులుతుంటే హెచ్‌డీఎంఐ 1.4 దగ్గర ఆగిపోయారేమో చూసుకోవాలి. ఆ వెర్షన్ 4కె బొమ్మని సెకనుకు 30 సార్లే పంపగలదు, 60 సార్లు కావాలంటే ల్యాప్‌టాప్, కేబుల్, టీవీ మూడూ 2.0 స్థాయివి కావాలి. సెట్‌టాప్ బాక్స్‌ని ల్యాప్‌టాప్ హెచ్‌డీఎంఐకి గుచ్చి బొమ్మ రావడం లేదనేవాళ్లూ ఉన్నారు. మామూలు ల్యాప్‌టాప్‌లలో ఆ పోర్టు బొమ్మను బయటికి పంపడానికే తప్ప లోపలికి తీసుకోవడానికి కాదు.

ఇక అసలు హెచ్‌డీఎంఐ పోర్టులు ఎందుకు కాలిపోతాయో చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఇళ్లల్లో ఎవరూ పట్టించుకోవడం లేదు. చార్జింగ్‌లో ఉన్న మెటల్ బాడీ ల్యాప్‌టాప్ మీద చెయ్యి ఆనిస్తే సన్నగా జివ్వుమంటుందా? చార్జర్ లోపల కరెంటు రొదను అణచడానికి పెట్టే చిన్న కెపాసిటర్ల గుండా కొద్దిపాటి కరెంటు బాడీ దాకా వస్తుంది. మూడో పిన్నుకి సరైన ఎర్తు ఉంటే అది నేలలోకి పోతుంది. ఎర్తు లేకపోతే, మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల కన్వర్టర్లో దోపితే, అది పోయే దారి లేక బాడీ మీదే ఉంటుంది. మనిషికి జివ్వుమనడంతో సరిపోతుంది. కానీ అటువైపు టీవీకి కేబుల్ ఆపరేటర్ వైరో డిష్ వైరో తగిలి ఉండి, దాని వోల్టేజీ వేరుగా ఉంటే, రెండూ ఆన్‌లో ఉండగా హెచ్‌డీఎంఐ గుచ్చిన క్షణంలో ఆ తేడా సున్నితమైన సిగ్నల్ చిప్పు మీద పడుతుంది. నా బెంచీ మీదికి వచ్చే కాలిన హెచ్‌డీఎంఐలలో చాలావాటికి ఇదే కారణమని నా గట్టి నమ్మకం. కాబట్టి టీవీ, ల్యాప్‌టాప్ రెండిటి ప్లగ్గులూ తీసేసి కేబుల్ కలపండి, తర్వాతే స్విచ్ వెయ్యండి. చార్జర్ మూడో పిన్నుని విరగ్గొట్టకండి. ఇంట్లో ఎర్తు ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించండి.

యూఎస్‌బీ వేగం గురించి కొంచెం. 2000లో వచ్చిన యూఎస్‌బీ 2 వేగం సెకనుకు 480 మెగాబిట్లు, 2008లో వచ్చిన యూఎస్‌బీ 3ది 5 గిగాబిట్లు. 100 జీబీ ఫొటోలు కాపీ చెయ్యడానికి మొదటిదాంట్లో ముప్పావు గంట దాటుతుంది, రెండోదాంట్లో మామూలు హార్డ్‌డిస్క్‌తోనే పావుగంటకు అటూ ఇటూ అయిపోతుంది. యూఎస్‌బీ 3 డ్రైవ్‌ని నీలిరంగు పోర్టుకే పెట్టినా నత్తనడక నడుస్తుంటే, తీసి మళ్లీ గట్టిగా, చురుగ్గా గుచ్చండి. యూఎస్‌బీ 3 ప్లగ్గులో పాత నాలుగు పిన్నులు ముందు, వేగం పిన్నులు ఐదు వెనక ఉంటాయి. మెల్లగా జరుపుతూ పెడితే ముందువి తగలగానే డ్రైవ్ పాత వేగానికే ఒప్పేసుకుంటుంది.

హార్డ్‌డిస్క్ దగ్గర మాత్రం ఈ ‘తీసి మళ్లీ పెట్టు’ సలహాకు హద్దు ఉంది.

మాఘమాసం పెళ్లిళ్లప్పుడు కరీంనగర్ వైపు నుంచి ఒక ఫొటోగ్రాఫర్ తమ్ముడు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ తెచ్చాడు. ‘టేబుల్ మీదికెళ్లి కిందవడ్డది అన్నా. పెద్దగ ఏం కాలే. జర ఆగి ఆగి ఓపెనైతున్నది.’ పడినప్పుడు అది తిరుగుతూ ఉంది. ఇలాంటి డిస్క్ లోపల పళ్లెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంటే, చదివే హెడ్ దానికి తగలకుండా పైన తేలుతూ ఉంటుంది. ఆ రెండిటి మధ్య ఎడం మన వెంట్రుక మందంలో వెయ్యో వంతు కన్నా తక్కువ. ఆ వేగంలో కిందపడితే హెడ్ పళ్లేన్ని గీరుతుంది. గీరుకున్నచోట డేటా పోతుంది, లేచిన పొడి మిగతా చోట్లా గీతలు పెడుతుంది.

పడటం కన్నా ఎక్కువ నష్టం ఆ తర్వాత జరిగింది. విండోస్ ‘డిస్క్‌లో తప్పులున్నాయి, సరిచేయాలా’ అని అడిగితే అతను సరేనని, రాత్రంతా చెక్‌డిస్క్ నడిపించాడు. చెక్‌డిస్క్ పని ఫైళ్ల జాబితాని సరిదిద్దడం, మన ఫొటోలను కాపాడటం కాదు. చదవలేని చోటు తగిలితే దానికి సంబంధించిన పేర్లను జాబితాలోంచి తీసేస్తుంది, తిప్పిన కొద్దీ దెబ్బతిన్న హెడ్ ఇంకా అరుగుతుంది. ఇలాంటి డ్రైవ్‌ని నేను లినక్స్‌లో పెట్టి డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో మొదలుపెడతాను. అది డ్రైవ్ మీద ఏమీ రాయదు. సులువుగా చదవగలిగిన భాగాలన్నిటినీ ముందు ఇంకో డిస్క్‌లోకి ఎత్తేసి, మొరాయించే చోట్లకి చివర్లో వెళ్తుంది. ఆ తమ్ముడి పెళ్లి ఫొటోల్లో ఎదుర్కోలు, జీలకర్ర బెల్లం దాకా వచ్చాయి. తలంబ్రాల ఫోల్డర్ రాలేదు. పెళ్లివాళ్లకి ఫోన్ చేసి చెప్పాల్సింది అతనే.

కాబట్టి డ్రైవ్ టకటకమంటుంటే కేబుల్‌ని, పోర్టుని ఒక్కసారి మార్చి చూడండి. హబ్ వద్దు, నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టండి. కరెంటు చాలకపోయినా ఆ చప్పుడు వస్తుంది. యూఎస్‌బీ 2 పోర్టు 500 మిల్లీఆంపులు ఇవ్వడానికి తయారైనది, యూఎస్‌బీ 3ది 900. పళ్లెం తిరగడం మొదలుపెట్టేటప్పుడు డిస్క్‌కి ఎక్కువ కావాలి. మార్చినా చప్పుడు ఆగకపోతే తీసేసి పక్కన పెట్టండి, మరోసారి ప్రయత్నించొద్దు. తట్టడం, ఫ్రిజ్‌లో పెట్టడం, మూత తెరవడం ఏదీ చెయ్యొద్దు. లోపలి భాగాలు మార్చడానికి దుమ్ములేని గది ఉన్న ల్యాబ్ కావాలి, అది నా బెంచీ మీద కూడా కుదరదు.

చప్పుడేమీ లేకుండా ‘ఫార్మాట్ చెయ్యాలి’ అని అడిగితే జవాబు క్యాన్సిల్. అసలు డ్రైవే కనిపించకపోతే విండోస్, ఎక్స్ కలిపి నొక్కి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. పార్టిషన్ బాగానే ఉండి అక్షరం మాత్రం లేకపోతే కుడి క్లిక్‌తో అక్షరం ఇవ్వండి, అంతటితో సరిపోతుంది. ‘ఇనిషియలైజ్’ చెయ్యమంటే మాత్రం ఆ కిటికీ మూసెయ్యండి, లోపల మీకు కావలసినది ఉందంటే అక్కడితో మీ పని ఆగాలి.

ఎస్‌ఎస్‌డీకి చప్పుడూ లేదు, చాలాసార్లు ముందస్తు హెచ్చరికా ఉండదు, పొద్దున తెరిస్తే ఉండదంతే. అందులో పొరపాటున చెరిపేసినవి తిరిగి రావడం కూడా కష్టం. చెరిపిన చోట్లని ట్రిమ్ అనే ఏర్పాటు ద్వారా విండోస్ డ్రైవ్‌కి చెప్పేస్తుంది, డ్రైవ్ వాటిని ఖాళీ చేసేస్తుంది. పాత హార్డ్‌డిస్క్‌లో దొరికినట్టు ఇక్కడా దొరుకుతాయని ఆశ పెట్టుకోకండి.

డ్రైవ్ బాగుండగానే దాని ఆరోగ్యం చూసుకోవచ్చు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచిత ప్రోగ్రామ్ ఉంది. హార్డ్‌డిస్క్‌కైతే అందులో 05, సీ5, సీ6 వరసలు చూడండి. అవి చెడిన, చెడబోతున్న చోట్ల లెక్కలు. అక్కడ సున్నా కాకుండా అంకె పెరుగుతూ పోతుంటే ఆ రోజే కాపీ మొదలుపెట్టండి.

5 జీబీ వీడియో ఫైలు, 20 జీబీ ఖాళీ ఉన్న పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కకపోవడం మాత్రం రోగం కాదు. అది ఫ్యాట్32 పద్ధతిలో ఉంది, అందులో ఒక ఫైలు 4 జీబీకి మించకూడదు. ఉన్నవి బయటికి తీసి ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే ఎక్కుతుంది. 1 టీబీ డ్రైవ్ 931 జీబీ అని కనిపించడం మోసం కాదు, కంపెనీకీ విండోస్‌కీ లెక్క కట్టే తీరులో ఉన్న తేడా. కొన్ని వందల రూపాయలకి 2 టీబీ పెన్‌డ్రైవ్ అమ్మితే మాత్రం అది మోసమే.

ఇంకొకటి, కొత్త ల్యాప్‌టాప్‌లు కొన్నవాళ్లకి. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 నుంచి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో కొత్తగా మొదలుపెట్టిన చాలా ల్యాప్‌టాప్‌లలో డ్రైవ్‌కి బిట్‌లాకర్ తాళం దానంతటదే పడుతోంది. మదర్‌బోర్డు మార్చాల్సి వస్తే అది 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే డిస్క్ చక్కగా పనిచేస్తున్నా లోపలిది నేనే కాదు, ఎవరూ తీయలేరు. మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి ఆ అంకెలు ఈరోజే కాగితం మీద రాసుకోండి.

ఇవన్నీ చూశాకా తేలకపోతే దుకాణానికి రండి. వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ ఒక్కటే కాదు, మీ చార్జర్, మీ కేబుల్, మధ్యలో వాడే అడాప్టర్ కూడా తెండి. ఏ టీవీకి పెట్టారో, కిందపడిందో లేదో, అప్పటిదాకా ఏమేం చేసి చూశారో దాచకుండా చెప్పండి. అన్నిటికన్నా ముందు, మేం స్క్రూడ్రైవర్ పట్టుకోకముందే, లోపలున్న డేటా కావాలో వద్దో చెప్పండి. కావాలంటే మేం చేసే పని వేరు, వద్దంటే వేరు.