అరటికాయ వగరు – కడుపులోని పుండు

అరటికాయ తరిగిన చేయి నల్లబడుట యెఱుగని గృహిణి యుండదు. అందువలననే తరుగుటకు ముందు చేతులకు నూనె రాచుకొందుము. ముక్కలను మజ్జిగ కలిపిన నీళ్లలో వేయుదుము. ఆ నలుపునకు మూలమైన వగరు పదార్థముల జాతికే చెందిన దొకటి కడుపులోని పుండునకు కొంత రక్ష కాగలదని పరిశోధకులు కనుగొని యున్నారు. మన వంటింటి సరకునకు గలిగిన యీ గౌరవ మెంతవఱకు నిజమో, ఎచ్చట దాని యెల్ల ముగియునో సోదరీమణులు తెలిసికొనుట యవసరము.

ఇట్టి వగరు ద్రవ్యములలో పెక్కింటిని రసాయన శాస్త్రజ్ఞులు పాలీఫినాలు లందురు. ఉసిరిక, కరక్కాయ, నేరేడు, దానిమ్మ తొక్క, తేయాకు మున్నగువానియం దివి సమృద్ధిగా గలవు. వీనిలో కొన్నింటికి మాంసకృత్తులను పట్టి బిగించు గుణము గలదు. పచ్చికాయ కొఱికినప్పుడు నాలుక పిడచగట్టుట లాలాజలములోని మాంసకృత్తుల నవి యట్లు బిగించుటచేతనే. చరకసంహిత షడ్రసములను వివరించుచు, కషాయరసము వ్రణమును మాన్పునని చెప్పినది. మితిమీరినచో నోరెండుటయు, కడుపుబ్బరమును, మలబంధమును కలుగునని కూడ నచ్చటనే హెచ్చరించినది. ఈ రెండవ మాటను మనవారు తఱచుగా మఱచుచుందురు!

ఇక పుండు సంగతి. జీర్ణాశయమున నూరు హైడ్రోక్లోరికామ్లము మిక్కిలి తీక్ష్ణమైనది. అది మాంసమునే జీర్ణింపజేయుచుండ, మాంసమయమైన జీర్ణాశయము తాను జీర్ణింపక యెట్లు నిలుచుచున్నది? లోపలి గోడను బంకవంటి యొక పొర కప్పి కాపాడుచుండును. ఆ పొర చెడినచోట ఆమ్లము గోడను తాకి కొఱుకును, అదియే పుండు. వ్యాకులము చేతను, కారము చేతను ఇది పుట్టునని లోకము చిరకాలము నమ్మెను. 1982లో ఆస్ట్రేలియా దేశమున పెర్తు నగరమందు రాబిన్ వారెన్, బారీ మార్షల్ అను వైద్యులు పుండు గలవారి కడుపులో హెలికోబాక్టర్ పైలోరి యను సూక్ష్మజీవిని పెంచి చూపిరి. జనులు నమ్మకపోగా, 1984లో మార్షల్ ఆ క్రిములు గల ద్రవమును తానే త్రాగి రోగము తెచ్చుకొనెను. వారి యిరువురకును 2005లో నోబెల్ బహుమాన మీయబడినది.

రెండవ కారణము మన పోపులపెట్టెలోనే యుండవచ్చును. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్, డైక్లోఫినాక్ మున్నగు నొప్పి మాత్రలు ఆ రక్షక పొరను నిలుపు ద్రవ్యములను శరీరమున పుట్టనీయవు. మోకాలి నొప్పియనియు, తలనొప్పియనియు నెలల తరబడి యెవరి నడుగకయే వీనిని మ్రింగువారు మనలో నెందఱో గలరు. ఏకాదశినాడు కూడ మాత్రకు మాత్రము ఉపవాసము లేదు.

వగరును పరీక్షించిన దిట్టి మాత్రల విషయముననే. 1984లో ఇంగ్లండున పరిశోధకులు ఆస్పిరిన్ మ్రింగించిన యెలుకలకు కూర అరటికాయను పచ్చిగా నెండబెట్టి కొట్టిన పొడి పెట్టి చూడగా, పుండ్లు తగ్గినవి. 1999లో ఆ పొడియందు పనిచేయునది ల్యూకోసయనిడిన్ అను పాలీఫినాలని తేల్చిరి. దానివలన కడుపులోని బంకపొర దళసరి యగునని తరువాతి పరీక్షలు తెలిపినవి. ఇతర పాలీఫినాలులును కణజాలమును కాపాడుననియు, కొన్ని ఆ క్రిమి నెదిరించుననియు ప్రయోగశాలలందు కనబడినది.

అయినను, అవి యెలుకలు. అది యెండబెట్టిన పొడి. మనము చేయు ఆవపెట్టిన కూరకు ఆ ఫలము నంతను అంటగట్టుట న్యాయము కాదు. ఆహారముగా అరటికాయ మంచిదే. పుండునకు మందు మాని దానినే నమ్ముట మంచిది కాదు. వగరు తిన్నంతమాత్రమున కడుపులో కాపురమున్న క్రిమి వెడలిపోదు. శ్వాసపరీక్ష చేతనో, మలపరీక్ష చేతనో, గొట్టము వేసి చూచుట చేతనో వైద్యుడు దానిని గుర్తించును. సాధారణముగా 14 దినములు క్రిమిసంహారక మందులను, ఆమ్లమును తగ్గించు మందును కలిపి యిత్తురు. బాధ తగ్గినదని నడుమ మానినచో క్రిమి మిగిలిపోవచ్చును.

ఒక లక్షణమును గూర్చి మాత్రము సిగ్గు పడరాదు. మలము తారువలె నల్లగా, జిగటగా నైనచో, లేక వాంతిలో నెత్తురుగాని కాఫీపొడి వంటి నలుపుగాని కనబడినచో, లోపల రక్తము స్రవించుచున్నదని యెంచి, అత్తగారి యనుమతికైనను, పండుగ ముగియుటకైనను వేచియుండక ఆ దినమే వైద్యశాలకు పోవలయును. ఇనుము మాత్రలు మ్రింగువారికి మలము నల్లగా నుండుట సహజమే. సందేహ మున్నచో వైద్యునే యడుగవలెను. కారణము తెలియక బరువు తగ్గుటయు, ముద్ద దిగకుండుటయు నుపేక్షింపదగినవి కావు. మెల్లగా స్రవించు పుండు పాలిపోయిన ముఖముగాను, మెట్లెక్కినప్పటి ఆయాసముగాను మాత్రమే బయటపడవచ్చును. ఇల్లంతయు తిన్న పిమ్మట మిగిలినది తిను స్త్రీకి ఆ నీరసము వింతగా తోపదు. అందుచేతనే రోగము ముదురును.

వగరు పదార్థముల కింకొక దోషము గలదు. అవి యాహారములోని యినుమును శరీరమున కందనీయవు. కావున రక్తహీనత గలవారు అన్నముతోను, ఇనుము మాత్రతోను కలిపి తేనీరు త్రాగక, గంటసేపైనను ఎడమీయవలెను. పరగడుపున చిక్కని తేనీరు కొందఱికి వికారమును, మంటను కలిగించును. పుండు గలవారు దానిని మానుట మేలు. నొప్పి మాత్ర తప్పనిచో అన్నము తిన్న తరువాతనే, వైద్యుడు చెప్పినన్ని దినములే మ్రింగవలెను.