వైద్యవిద్యకు ముందు ఏ చదువు?

అమెరికాలో డాక్టరు కావాలనుకునేవారు ముందు నాలుగేళ్ళ డిగ్రీ పూర్తిచేయాలి. అది జీవశాస్త్రమే కానక్కరలేదు. చరిత్ర చదివినా, సంగీతం చదివినా, జీవశాస్త్రం, రసాయనం, భౌతికం పాఠాలు కొన్ని ప్రయోగశాలతో సహా పూర్తిచేసి, ప్రవేశపరీక్ష రాస్తే చాలు. న్యూయార్కులోని మౌంట్ సైనాయ్ వైద్యకళాశాల సాహిత్యం, తత్త్వశాస్త్రం చదివేవారి కోసం 1987లోనే ప్రత్యేకంగా ఒక దారి తెరిచింది. అక్కడి మన తెలుగు పిల్లలు "ఏ మేజర్ తీసుకోవాలి?" అని తలపట్టుకోవడం ఇందుకే.

మన దేశంలో ఈ ప్రశ్న లేదనుకుంటాం. ఉంది. కాకపోతే పద్ధెనిమిదో ఏట కాక, పదిహేనో ఏట, పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలోనే ఎదురవుతుంది. తెలుగు రాష్ట్రాల వెలుపల ఉన్న తెలుగు కుటుంబానికి అది మరింత చిక్కుప్రశ్న. ఉదాహరణకు ఉప్పర్వాహిని చూద్దాం.

ఉప్పర్వాహి చంద్రపూర్ జిల్లా కోర్పనా తాలూకాలోని ఊరు. అంబుజా వారి మరాఠా సిమెంటు కర్మాగారం ఉన్నది ఇక్కడే. ఈ ప్రాంతం 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాదు జిల్లా రాజురా తాలూకాలో భాగం. రాష్ట్రాల పునర్విభజనలో బొంబాయి రాష్ట్రానికి పోయి, 1959లో చాందా జిల్లాలో చేరింది. అందుచేత ఇక్కడి పాత తెలుగు కుటుంబాలను వలసవాళ్ళనడం సరికాదు. బంధుత్వాలు మాత్రం నేటికీ ఆదిలాబాదు, మంచిర్యాల వైపే. సలహాలూ అటునుంచే వస్తాయి: "పిల్లను హైదరాబాదు పంపి బైపీసీలో చేర్పించండి, సీటు అదే వస్తుంది."

ఈ సలహా దగ్గరే ఆగి ఆలోచించాలి. ప్రభుత్వ వైద్యకళాశాలల్లో 15 శాతం సీట్లు అఖిలభారత కోటావి, తక్కిన 85 శాతం ఆయా రాష్ట్రాలవి. మహారాష్ట్ర కోటా కావాలంటే, కొన్ని మినహాయింపులు తప్ప, పదో తరగతి, పన్నెండో తరగతి రెండూ ఆ రాష్ట్రంలోని విద్యాసంస్థల్లోనే చదివి ప్యాసు కావాలి, నివాస ధ్రువపత్రమూ ఉండాలి. తెలంగాణలోనేమో 9 నుంచి 12 వరకు వరుసగా నాలుగేళ్ళు అక్కడ చదివినవారే స్థానికులని 2024లో నియమం వచ్చింది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అంటే ఉప్పర్వాహిలో పది చదివి, హైదరాబాదులో రెండేళ్ళు ఇంటర్ చదివిన అమ్మాయి ఇటు మహారాష్ట్రకూ చెందదు, అటు తెలంగాణకూ చెందదు. ప్రభుత్వ కళాశాలల్లో ఆమెకు మిగిలేది ఆ 15 శాతమూ, ఎయిమ్స్ వంటి కేంద్రసంస్థలూ. ఇంటర్ బోధన అక్కడ బాగుంటే బాగుండవచ్చు, కాని దానికోసం చెల్లించే మూల్యం ఇది. చంద్రపూర్‌లో 2015లో మొదలైన ప్రభుత్వ వైద్యకళాశాల ఇంటికి దగ్గరగా ఉండగా, ఆ హక్కును తెలియక వదులుకోవడం నాకు సబబనిపించదు.

ఇక సబ్జెక్టులు. మహారాష్ట్ర జూనియర్ కళాశాలలో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలతో పాటు గణితాన్ని ఉంచుకోవచ్చు, మానుకోవచ్చు. నీట్‌లో 720 మార్కులకు జీవశాస్త్రానివి 360 కనుక గణితం బరువని చాలామంది వదిలేస్తారు. మోయగలిగినవారు ఉంచుకోవడమే మేలు. భౌతికశాస్త్రంలో 45 ప్రశ్నలుంటాయి, లెక్క చేతికి అలవడనివారు తడబడేది అక్కడే. పైగా సీటు రాకపోతే ఇంజనీరింగు, గణాంకశాస్త్రం దారులు మూసుకుపోవు. గణితం తీసుకుని జీవశాస్త్రం వదిలేసినవారికీ ఇప్పుడు దారి ఉంది. పన్నెండు ప్యాసయ్యాక జీవశాస్త్రాన్ని అదనపు సబ్జెక్టుగా పూర్తిచేసినా అర్హులేనని జాతీయ వైద్య కమిషన్ 2023లో ప్రకటించింది.

మొదటిసారి ర్యాంకు రానివారు మనవైపు "లాంగ్ టర్మ్" అంటూ ఏడాదికేడాది కూర్చుంటారు. నీట్‌కు ఇన్నిసార్లేనన్న పరిమితి లేదు గాని, వయసుకూ ఇంటి డబ్బుకూ ఉంది. ఒక ఏడాది చాలు. రెండో ఏడు బి.ఎస్సీ.లో చేరి, చదువుతూనే రాయడం మంచిది. అక్కడ నచ్చిన విషయం తీసుకోవాలి. రసాయనం గాని, సూక్ష్మజీవశాస్త్రం గాని ఇష్టంగా చదివినవారికి అదే జీవనం కావచ్చు. యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యమే చదివారు. లోకం ఆయనను ఎరిగింది మాత్రం జీవరసాయన పరిశోధకుడిగా. 1925లో ఫిస్క్‌తో కలిసి ప్రకటించిన భాస్వరం కొలిచే పద్ధతికి వారిద్దరి పేర్లే నిలిచాయి. బి.ఎస్సీ. చేసి అమెరికాలో వైద్యం చదువుదామనుకునేవారు ఒకటి గమనించాలి: అక్కడి కళాశాలలు చాలావరకు కొన్ని పాఠాలైనా అమెరికాలోనే చదివి ఉండాలంటాయి.

చివరగా భాష. నీట్ ప్రశ్నపత్రం తెలుగులో దొరికేది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాల్లోనే. చంద్రపూర్‌లో రాసేవారు ఇంగ్లీషు పరిభాషకు పదకొండులోనే అలవాటు పడాలి. అంతమాత్రాన తెలుగు పక్కన పెట్టవలసిన వస్తువు కాదు. కోర్పనా, జివతి తాలూకాల నుంచి ఆసుపత్రికి వచ్చేవారిలో మరాఠీ, గోండీ, కొలామీ, తెలుగు మాట్లాడేవారంతా ఉంటారు. గోండీ, కొలామీలు తెలుగుకు చుట్టాలైన ద్రావిడభాషలు. "కళ్ళు తిరుగుతున్నాయి", "గుండె దడగా ఉంది", "నరాలు లాగుతున్నాయి" అన్న మూడు మాటలకూ డాక్టరు వేయవలసిన ప్రశ్నలు వేరువేరు. తెలుగు రానివారికి ఆ తేడా దుబాసీ నోట అందదు. వర్ధా దగ్గరి సేవాగ్రామ్ వైద్యకళాశాల నీట్ రాకముందు తన ప్రవేశపరీక్షలో గాంధేయ ఆలోచనపై ఒక పేపరు పెట్టేది. ఆ పద్ధతి పోయింది గాని, చేరిన విద్యార్థులు పల్లెల్లో మకాం వేసి అక్కడి కుటుంబాలను ఎరుగుకోవాలన్న ఏర్పాటు వారి శిక్షణలో భాగమైంది. పదకొండులో రెండో భాషగా తెలుగు దొరికే కళాశాల ఉంటే తీసుకోండి, దొరకకపోతే ఇంట్లో అమ్మమ్మ చెప్పే రోగలక్షణాలను ఆమె మాటల్లోనే ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి.

కోటా నియమాలు ఏటా మారుతుంటాయి. పదో తరగతి పరీక్షలు కాగానే ముంబైలోని రాష్ట్ర సీఈటీ సెల్ వారి ఆ ఏటి సమాచార పుస్తకం చూసుకోండి, నివాస ధ్రువపత్రానికి తహసీలు కార్యాలయంలో అప్పుడే అర్జీ పెట్టండి.