రాఖీగఢీ ఎముకలో వలసల చరిత్ర

హరియాణాలోని రాఖీగఢీలో సింధు నాగరికత నాటి శ్మశానం ఉంది. పుణె దక్కన్ కళాశాలకు చెందిన వసంత్ షిండే బృందం అక్కడ తవ్వితీసిన అస్థిపంజరాల నుంచి 61 నమూనాలను డీఎన్ఏ కోసం హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో పరీక్షించారు. పనికొచ్చేంత డీఎన్ఏ దొరికింది ఒక్కదానిలోనే. సుమారు నాలుగున్నర వేల ఏళ్ల కిందటి స్త్రీ ఆమె.

మనిషి చనిపోగానే డీఎన్ఏ ముక్కలవడం మొదలవుతుంది. చలి ప్రాంతాల్లో అది వేల ఏళ్లు నిలుస్తుంది. వేడీ తేమా కలిసిన మన నేలలో తొందరగా నశిస్తుంది. మిగిలిన కాస్తా మట్టిలోని సూక్ష్మజీవుల డీఎన్ఏతో కలగలిసిపోతుంది. అందుకే లోపలి చెవిని కప్పి ఉండే గట్టి ఎముకను పొడిచేసి వెతుకుతారు. ముక్కల చివర్లలో కాలక్రమేణా వచ్చే రసాయన మార్పులను బట్టి అది పాతదో, తవ్వినవారి నుంచి అంటినదో తేలుస్తారు.

2019 సెప్టెంబరులో ఫలితాలు వచ్చాయి. ఆ స్త్రీలో ప్రధానంగా రెండు మూలాలు కనిపించాయి. ఒకటి అండమాన్ ఆదివాసులకు దూరపు బంధువులైన వేటగాళ్లది. రెండోది ప్రాచీన ఇరాన్ జనంతో చుట్టరికమున్నది. ఈ రెండో పాయ ఇరాన్‌లో సేద్యం మొదలవక ముందే విడిపోయింది. కాబట్టి అక్కడి రైతులు పెద్దఎత్తున వలస వచ్చి ఇక్కడ వ్యవసాయం నేర్పారన్న వాదం బలహీనపడింది.

మధ్య ఆసియా గడ్డిమైదానాల పశుపాలకుల జాడ ఆమెలో లేదు. దీన్నిబట్టి వారి వలసే జరగలేదని ప్రకటించడం తొందరపాటు. అదే నెలలో వెలువడిన మరో పరిశోధన 523 మంది ప్రాచీనుల డీఎన్ఏను పరిశీలించింది. పశుపాలకుల పాయ క్రీ.పూ. 2000-1500 మధ్య, అంటే సింధు నాగరికత నగరాలు క్షీణించాక దక్షిణాసియాలోకి వచ్చిందని తేల్చింది. ఒక్క అస్థిపంజరం ఒక నాగరికత మొత్తానికి సాక్ష్యమవుతుందా అన్న సందేహం సమంజసమే. అయితే తుర్క్‌మెనిస్తాన్‌లోని గోనూర్, ఇరాన్‌లోని షహ్రె సోఖ్తాలలో దొరికిన 11 మందిలోనూ రాఖీగఢీ స్త్రీలోని తరహా మిశ్రమమే ఉంది. వారు సింధు ప్రాంతం నుంచి వెళ్లినవారు కావచ్చు. ఈ ప్రాచీన జనాల్లో ఎవరు ఏ భాష మాట్లాడారో మాత్రం ఎముక చెప్పదు.

నేటి భారతీయుల్లో అత్యధికుల్లో ఈ మూడు పాయలూ వేర్వేరు పాళ్లలో ఉన్నాయి. సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి వరకు జనం విస్తృతంగా కలిశారని, తర్వాత సొంత కులంలోనే పెళ్లిళ్లన్న కట్టుబాటు బిగుసుకుందని 2013లో సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు చూపారు. ఆ కట్టుబాటు ప్రభావం తెలుగునాట వైశ్యుల్లో స్పష్టంగా కనిపిస్తుంది. వారిలో కొందరికి ఒక ఎంజైము వంశపారంపర్యంగా లోపిస్తుంది. శస్త్రచికిత్సలో కండరాలు సడలించేందుకు ఇచ్చే ఒక మందు ప్రభావం అలాంటివారిలో మామూలుకంటే చాలాసేపు ఉంటుంది.