గాలికి జల్లెడ పట్టేముందు

మైదానాల్లో దీపావళి టపాసుల దుకాణాలు వెలిసే వేళకి హైదరాబాద్‌ ఎలక్ట్రానిక్స్‌ షోరూముల్లోనూ సరుకు మారుతుంది. కూలర్లు గోడౌనుకి వెళ్లిపోతాయి. గీజర్ల పక్కన నడుమెత్తు తెల్లటి డబ్బాలు కొలువుదీరతాయి. నెత్తిన నీలం లైటు, ముఖాన ఓ అంకె. ఎయిర్‌ ప్యూరిఫయర్లు! సేల్స్‌ కుర్రాడు ఒకదాని పక్కన అగరుబత్తి వెలిగిస్తాడు. నీలం కాస్తా ఎర్రబడుతుంది, అంకె గబగబా ఎగబాకుతుంది, లోపలి ఫ్యాను రొదపెడుతుంది. కాసేపటికి మళ్లీ నీలం. చూస్తున్న దంపతులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. బేరం సగం అయిపోయినట్టే.

ఆ ప్రదర్శనలో అసలు సంగతి కుర్రాడూ చెప్పడు, దంపతులూ అడగరు. యంత్రాన్ని అంత కంగారు పెట్టింది బాలానగర్‌ ఫ్యాక్టరీ గొట్టం కాదు, ఔటర్‌ రింగు రోడ్డు మీది లారీ కాదు. రోజూ పొద్దున్నే మన పూజగదిలో వెలిగే పుల్లే.

ఇంట్లో పుట్టే పొగ

పీఎం 2.5 అనే మాట ఇప్పుడు అందరి నోటా వినిపిస్తోంది. రెండున్నర మైక్రాన్లు, అంతకన్నా సన్నటి కణాలన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు, ముప్ఫయ్యో వంతు ఉంటాయి. ముక్కు వాటిని ఆపలేదు. ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి, మరీ సన్నవి రక్తంలోకీ దిగుతాయి. ఘనపు మీటరు గాలిలో ఇవి రోజు సగటున 15 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశం 2009లో పెట్టుకున్న హద్దు 60.

ఆ హద్దుని దాటించడానికి ట్రాఫిక్‌ అక్కర్లేదు. తలుపులు బిగించిన పడగ్గదిలో మస్కిటో కాయిల్‌ ఒక్కటి చాలు. కాయిల్‌ పూర్తిగా కాలితే వెలువడే సన్నధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళితో సమానమని 2003లో వెలువడిన ఓ అధ్యయనం లెక్కగట్టింది. మంచం కింద కాయిల్‌, మూలన పన్నెండు వేల రూపాయల ప్యూరిఫయర్‌ ఉన్న గదులు ఈ ఊళ్లో లేవనుకోకండి. దోమతెర కొన్ని వందలకే దొరుకుతుంది. ముందు అది కొనాలి.

పసిబిడ్డకి తలంటాక వేసే సాంబ్రాణి మాటెత్తడం కాస్త కష్టం. అమ్మమ్మలు ఊరుకోరు. అయినా అనక తప్పదు. జుట్టు ఆరడానికి వేసే పొగ బిడ్డ ముక్కుని తప్పించుకుని పోదు. మెత్తటి తువ్వాలు చాలు, సాంబ్రాణి వాకిట్లో వేసుకోవచ్చు. అగరుబత్తులూ అంతే. గుత్తంతా గుచ్చే బదులు దీపం పెట్టి ఒక పుల్ల వెలిగించి, కిటికీ తీసి ఉంచితే దేవుడేమీ అలగడు.

ఇక పోపు. ఎండుమిర్చి మాడితే ముందుగదిలో పేపరు చదువుకునే తాతయ్య కూడా దగ్గుతారు. దీనికి మందు ప్యూరిఫయర్‌ కాదు, గొట్టం బయటికి ఉన్న చిమ్నీ. గొట్టం లేకుండా గాలిని లోపలే తిప్పే చిమ్నీలు పొగని చాలావరకు వంటింటికే తిరిగి ఇచ్చేస్తాయి. ఎగ్జాస్ట్‌ ఫ్యాన్‌ వాటికంటే నయం. ప్యూరిఫయర్‌ని మాత్రం వంటింటి గుమ్మం దగ్గర పెట్టకండి. నూనె ఆవిరి పట్టి ఫిల్టర్‌ జిడ్డోడుతుంది.

తెల్లారుజామున తలుపు తీస్తే

అలాగని బయట గాలి చల్లగా, చక్కగా ఉందని కాదు. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం 2019లో మొదలైంది. ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో మన వాటా తక్కువేమీ కాదు. తెలంగాణ నుంచి హైదరాబాద్‌, పటాన్‌చెరు, నల్గొండ లాంటివి. ఆంధ్రప్రదేశ్‌ నుంచి విశాఖ, విజయవాడ, గుంటూరు, కర్నూలు సహా పదమూడు ఊళ్లు. ఢిల్లీ కన్నా మనం నయమే. కానీ ఎంతసేపూ ఢిల్లీతో పోల్చుకోవడం మనకో ఓదార్పు అయిపోయింది.

చలికాలం రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. నేలనంటిన గాలి బరువెక్కి కిందే ఉండిపోతుంది, పైనున్న వెచ్చటి పొర దాన్ని లేవనివ్వదు. వాహనాల పొగ, చెత్త తగలబెట్టిన పొగ, నిర్మాణాల దుమ్ము అన్నీ ఆ కిందిపొరలోనే చిక్కుకుంటాయి. ఎండ ఎక్కాక గానీ చెదరవు. అంటే ధనుర్మాసంలో తెల్లారగట్ల లేచి ‘స్వచ్ఛమైన గాలి’ అంటూ తలుపులు బార్లా తీసే అలవాటు తలకిందులుగా ఉంది. నగరంలో చలికాలం కిటికీలు తీయాల్సింది మధ్యాహ్నం. భోగినాడు అయితే మరీను. పాత చీపుళ్లు, తాటాకులతో పాటు టైర్లు కూడా మంటలో వేసే వీధుల్లో ఆ ఉదయమంతా కిటికీలు మూసే ఉంచండి.

ఇక్కడ అంకెలతో ఓ తికమక ఉంది. ప్యూరిఫయర్‌ ముఖాన కనబడేది చాలావాటిలో మైక్రోగ్రాములు, ఫోన్‌లో కనబడేది ఏక్యూఐ అనే గాలి నాణ్యత సూచీ. రెండూ ఒకటి కావు. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కలో 60 మైక్రోగ్రాములంటే ఏక్యూఐ 100. అదే గాలికి అమెరికా లెక్క వాడే యాప్‌ 150 దాటి చూపిస్తుంది. ‘బయట 150, మా ఇంట్లో 60, మెషిన్‌ భలే పనిచేస్తోంది’ అని మురిసిపోయేవారి ఇంట్లో గాలి బయటి గాలే అయ్యుండొచ్చు.

ఫ్యానూ, మడతల కాగితమూ

మూత తీసి చూస్తే ప్యూరిఫయర్‌లో ఉన్నది ఒక ఫ్యాను, దాని ముందు మడతలు మడతలుగా కుక్కిన ఓ కాగితం లాంటి వస్తువు. దాని పేరు హెపా. 1940ల్లో అమెరికా అణుబాంబు తయారీలో, మాన్‌హాటన్‌ ప్రాజెక్టు రోజుల్లో, రేడియోధార్మిక ధూళిని ఆపడానికి అభివృద్ధి చేసిన ఫిల్టర్ల సంతానమిది. జల్లెడ అని పిలుస్తున్నాం గానీ, జల్లెడలో కన్నం కన్నా సన్నదేదైనా జారిపోతుంది. ఇందులో పోదు. పెద్ద కణాలు గాలితో పాటు మలుపు తిరగలేక పోగులకి గుద్దుకుంటాయి. మరీ సన్నవి గాలి అణువుల తాకిడికి అడ్డదిడ్డంగా తిరుగుతూ ఎక్కడో ఓచోట అంటుకుంటాయి. ఎటూ కాని 0.3 మైక్రాన్ల కణాలే దొరకడం కష్టం. అందుకే పరీక్ష వాటితో పెడతారు. వందకి 99.97 పట్టుకుంటే అమెరికా లెక్కలో అసలు హెపా. పెట్టె మీద ‘హెపా టైప్‌’ అని రాసుంటే, ఆ రెండో మాట కోసమే తిరిగి పెట్టేయండి.

అయితే 99.97, 99.99 మధ్య తేడా కోసం డబ్బు పోయడం దండగ. గాలి యంత్రంలోంచి ఒక్కసారి పోయి ఊరుకోదు, గదిలో తిరిగి తిరిగి వస్తుంది. ఎంత శాతం పట్టిందన్న దానికన్నా, గంటకి ఎంత గాలిని శుభ్రం చేసి వదిలిందన్నది ముఖ్యం. ఆ లెక్కే సీఏడీఆర్‌. షోరూములో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. ‘ఆరొందల చదరపుటడుగులకి సరిపోతుంది సార్‌’ అనే మాట నమ్మొద్దు. గంటకి ఎన్నిసార్లు గాలి మారితే సరిపోయినట్టో వాళ్లు చెప్పరు.

మనమే లెక్కేద్దాం. పన్నెండు బై పన్నెండు పడగ్గది, పదడుగుల కప్పు. 1,440 ఘనపుటడుగులు, అంటే సుమారు 41 ఘనపు మీటర్లు. గంటకి ఐదుసార్లు గాలి శుభ్రపడాలంటే సీఏడీఆర్‌ గంటకి 200 ఘనపు మీటర్ల పైచిలుకు కావాలి. ఇక్కడే మెలిక. పెట్టె మీది సీఏడీఆర్‌ ఫ్యాను పూర్తి వేగంతో తిరిగినప్పటిది. ఆ రొదలో ఎవరికీ నిద్ర పట్టదు. రాత్రి స్లీప్‌ మోడ్‌లో పెడితే అందులో మూడో వంతో, నాలుగో వంతో మిగులుతుంది. కాబట్టి 200 కావాల్సిన గదికి 300 దాటినదాన్ని కొని, మధ్య వేగంలో నడపడం తెలివైన పని. పాతిక బై పన్నెండు హాలుకి ఇదే లెక్క 425కి పోతుంది. ఇంటిల్లిపాదికీ ఒకే యంత్రమన్న ఆశ వదులుకుని, ఎనిమిది గంటలు పడుకునే గదినే చూసుకోవడం మేలు.

మిగతా బొత్తాల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. అల్ట్రావయొలెట్‌ దీపం ముందునుంచి గాలి రెప్పపాటులో దాటిపోతుంది. ఆపాటి వెలుగుకి సూక్ష్మజీవులు పెద్దగా చావవు, ధూళికైతే దానితో సంబంధమే లేదు. అయొనైజర్లు కొన్ని ఓజోన్‌ని వదులుతాయి. ఉబ్బసం ఉన్నవారికి అది కీడు. 50 పీపీబీ (గాలి వందకోట్ల పాళ్లలో 50) దాటి ఓజోన్‌ వదిలే ప్యూరిఫయర్ల అమ్మకాన్ని కాలిఫోర్నియా నిషేధించింది. ఆ బొత్తాం ఉంటే ఆపేసి ఉంచండి. కార్బన్‌ పొర వాసనలకి కొంత పనికొస్తుంది గానీ, గృహప్రవేశమైన కొత్త ఫ్లాటులో ప్లైవుడ్‌, పెయింటు వాసన పోగొట్టడం పల్చటి నల్ల షీటు వల్ల అయ్యే పని కాదు. దానికి కొన్ని వారాలు కిటికీలు తీసి ఉంచాల్సిందే. స్నేక్‌ ప్లాంట్‌, మనీప్లాంట్‌ కథ కూడా ఇక్కడే ముగిద్దాం. 1989లో నాసా పరీక్ష చేసింది మూసిన చిన్న పెట్టెల్లో. మామూలు కిటికీ చేసే పని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకి పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని 2019లో ఓ సమీక్ష తేల్చింది. అందానికి పెంచుకోండి.

తెచ్చాక

మొట్టమొదట వెనక మూత తీసి చూడండి. చాలా మోడళ్లలో ఫిల్టర్‌ ప్లాస్టిక్‌ కవరులోనే వస్తుంది. అది తీయకుండా నెలల తరబడి నడిపి, ‘ఏం తేడా లేదు’ అని పెదవి విరిచేవాళ్లున్నారు. యంత్రాన్ని సోఫా వెనకో, కర్టెన్‌ చాటునో దాచొద్దు. చుట్టూ అడుగైనా ఖాళీ ఉండాలి. తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ వేయండి. పాత ఇళ్లలో గోడ పైన వెంటిలేటర్లు తెరిచే ఉంటాయి, వాటిని మరవొద్దు.

ఆటో మోడ్‌ని పూర్తిగా నమ్మకండి. సెన్సర్‌ ఉన్నది యంత్రంలోనే కాబట్టి తన చుట్టూ శుభ్రమైతే గదంతా శుభ్రమనుకుంటుంది. పైగా మంచు పట్టిన ఉదయం తేమని కూడా ధూళిగా లెక్కేయగలదు. దాని చిన్న గవాక్షాన్ని అప్పుడప్పుడూ పొడి ఇయర్‌బడ్‌తో తుడవాలి.

మూసిన గదిలో ఇంకో చిక్కుంది. స్ప్లిట్‌ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ప్యూరిఫయరూ తేదు. ముగ్గురు పడుకున్న గదిలో తెల్లారేసరికి కార్బన్‌ డయాక్సైడ్‌ పేరుకుంటుంది. ఆ వాయువుని హెపా పట్టలేదు. లేవగానే తల దిమ్ముగా ఉంటే ఫిల్టర్‌ని తిట్టకండి. పడుకునేముందు కాసేపు గది తలుపు తీసి, పక్కగదుల గాలితో కలవనివ్వండి. మధ్యాహ్నం ఎలాగూ కిటికీలు తీస్తారు.

ఇంతకీ ప్యూరిఫయర్‌ ఎవరికి నిజంగా అవసరం? మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్‌ గ్రౌండ్స్‌లో చేపమందు కోసం బారులు తీరే జనాన్ని చూస్తే, ఆయాసం ఎన్ని ఇళ్లలో ఉందో తెలుస్తుంది. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్న పెద్దలు, నెలల పిల్లలు ఉన్న ఇల్లు, రోడ్డుని ఆనుకున్న ఫ్లాటు అయితే కొనడం సమంజసమే. ఇన్‌హేలర్‌ మాత్రం డాక్టరు చెప్పకుండా ఆపొద్దు. ఢిల్లీలో ఉద్యోగాలు చేసే మనవాళ్లకి నవంబరులో ఇది బియ్యం డబ్బాతో సమానమైన సామాను. 2023 జూన్‌లో కెనడా కార్చిచ్చుల పొగ న్యూయార్క్‌, న్యూజెర్సీల మీద కమ్మినప్పుడు అక్కడి తెలుగు ఇళ్లకీ ఆ సంగతి తెలిసొచ్చింది. ఇలాంటి అవసరం లేకుండా, కాలనీలో అందరూ కొన్నారని కొనేవాళ్లు ఆ డబ్బుతో చిమ్నీకి గొట్టం వేయించుకుంటే ఎక్కువ లాభం.

కరెంటు భయం అక్కర్లేదు. నలభై యాభై వాట్ల యంత్రం రాత్రంతా తిరిగినా అర యూనిట్‌కి లోపే. అసలు ఖర్చు ఫిల్టర్‌ది. రెండు మూడేళ్లు తిరిగేసరికి ఫిల్టర్ల మీద పెట్టింది యంత్రం ధరకి దగ్గరపడుతుంది. మార్చమని వెలిగే ఎర్రలైటు చాలా మోడళ్లలో గంటలు లెక్కపెట్టి వెలిగేదే, మురికిని చూసి కాదు. తెల్లటి మడతలు ముదురు బూడిదరంగుకి తిరిగాయా, గాలి విసురు తగ్గిందా అని మీరే చూసుకోవాలి. బయటి జాలీని పదిహేను రోజులకోసారి దులపొచ్చు, కడగొచ్చు. హెపాని కడిగితే పోగులు పాడవుతాయి. తీసిన పాతదాన్ని బాల్కనీలో, ముక్కుకి గుడ్డ కట్టుకుని కవరులో మూటగట్టండి, దులపకండి. కొనే రోజునే, బిల్లు కట్టేముందే, ఆ మోడల్‌ ఫిల్టర్‌ ధరెంతో, ఇప్పుడు స్టాకులో ఉందో లేదో అడగండి. సేల్స్‌ కుర్రాడు ‘తెప్పిస్తాం సార్‌’ అంటే, పక్క మోడల్‌ చూపించమనండి.